వరిపైరు – నత్రజని

పైరు ఎదుగుదలకు, గింజలో మాంసకృత్తులకు నత్రజని ఆధారం. యూరియాలో అది 46 శాతం ఉంటుంది. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని రామగుండంలో బొగ్గుతో యూరియా తయారుచేసిన కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే సహజవాయువుతో నడిచే కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించింది.

అయితే ఎరువు ఎక్కువ వేసినంత మాత్రాన దిగుబడి పెరగదు. మోతాదు మించితే పైరు ఏపుగా పెరిగి నేలకొరుగుతుంది. అగ్గితెగులు, సుడిదోమ విజృంభిస్తాయి. తాలుగింజలు అధికమవుతాయి. రైతుకు పెట్టుబడి, పంట రెండూ నష్టమే.

అందువల్ల నత్రజనిని మూడు భాగాలుగా చేసి, దమ్ములోను, పిలకదశలోను, చిరుపొట్టదశలోను వేయాలి. పైపాటుగా వేసే యూరియాను బురదపదునులో చల్లి, 36 నుండి 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టాలి. తగిన మోతాదులో, తగిన అదనులో వేసిన ఎరువే పైరుకు బలం.