అంగడి సరకులును గృహిణులును

గృహమునకు లక్ష్మి గృహిణియే యని పెద్దలు చెప్పుదురు. ఆ లక్ష్మి చేతిలో నెల మొదట పడు పైకమెంత, నెల చివరకు మిగులునదెంత యని విచారించువారు మాత్రము అరుదు. జీతము ఏటికొక పర్యాయము పెరుగును. సరకుల వెల పక్షమునకొక పర్యాయము పెరుగును. ఈ రెంటికిని నడుమ వంతెన కట్టు భారము వంటయింటిపైననే పడుచున్నది. కావున అంగడిని గూర్చి వ్రాయుట అల్పవిషయమని సోదరీమణులు తలపకుందురు గాక.

మాది గోదావరి కాలువగట్టున నున్న చిన్న పట్టణము. కొన్ని సంవత్సరముల క్రిందట మా వీధి మొగను ఒక సూపర్ మార్కెట్టు వెలసినది. చల్లని గాలి, తెల్లని దీపములు, వరుసలు తీర్చిన అరలు, త్రోసికొనిపోవుటకు చక్రముల బుట్టలు చూచి అందరును ముచ్చటపడిరి. రెండేండ్లు తిరుగకమునుపే దానికెదురుగా నున్న పచారీకొట్టు మూతపడెను. అటుపిమ్మట మా వీధివారికి నడకదూరములో సరకు దొరకు చోటు అదియొక్కటే యయ్యెను. పోటీలేని అంగడి యెట్లుండునో ఆనాటినుండి మాకు తెలియవచ్చినది.

ఇప్పుడా అరలను చూడుడు. బిస్కత్తులలో ఇరువది రకములు గలవు, పొట్టుమినపప్పు లేదు. సబ్బులు గోడపొడవునను గలవు. ఉప్పుడుబియ్యమడిగినచో రెండు నెలలనుండి ‘రేపు వచ్చును’ అను మాటయే. చింతపండు నల్లబడి రాయివలె బిగిసియుండును. బొంబాయిరవ్వ పొట్లమును వెలుతురునకు పట్టిచూచిన లోపల పురుగులు ప్రాకుచుండును. మంగళవారము వచ్చిన తోటకూర శుక్రవారమునాడు నీరు చిలుకరింపబడి అదే వెలకు నిలిచియుండును. “అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది” అని సామెత. ఆ యల్లునికి శని నోటిలో నుండెను. మాకది అరలలోనే యున్నది.

సరకు తక్కువదైనప్పుడు వెలయైన తగ్గినదా యనిన, అదియు లేదు. అరమీది చీటిలో నొక ధర, బిల్లులో మరియొక ధర. అడిగితిమేని బిల్లు కౌంటరులోని పిల్లవాడు, “కంప్యూటర్లో అలాగే వస్తోందండీ అమ్మగారూ, నేనేం చేసేది?” అనును. ఆ పిల్లవానిపై మాకు కోపము లేదు. ధర నిర్ణయించువాడు అతడు కాడు. నిర్ణయించువాడెవడో మనకు కనబడడు. చిక్కంతయు అందే యున్నది.

మా ప్రక్కయింటి పిన్నిగారు డెబ్బదియేండ్లు దాటిన పెద్దముత్తైదువ కారు. భర్త పోయిన పిమ్మట వచ్చు కుటుంబ పింఛనుతో ఒంటరిగ కాలము గడుపుచున్నారు. మోకాళ్లనొప్పులచేత పెద్దబజారునకు పోలేరు. ఆమె యొకనాడు, “ముద్దపప్పు మానేసి చాలా రోజులైందే అమ్మాయీ. చారులోకి గుప్పెడు వేసుకుంటే సరిపోతోంది” అని నవ్వుచు చెప్పిరి. ఆ నవ్వు మాకు రుచింపలేదు. శాకాహారులైన ముదుసలుల శరీరమునకు మాంసకృత్తులు చేకూర్చు ముఖ్యాహారము పప్పే గదా! ధర పెరిగినప్పుడు ఇంటిలో మొదట తగ్గునది స్త్రీల విస్తరిలోని భాగమేయని మన సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అయినను న్యాయము న్యాయమే. పెరిగిన ప్రతి పైసకును దుకాణదారుని నిందించుట తగదు. కందిపంట వానకాలపు ఆరంభమున విత్తబడి చలికాలమున గాని చేతికి రాదు. కలబురగి, మహారాష్ట్ర, మన తాండూరు ప్రాంతములలో వానలు తప్పినయెడల ఆ లోటు మరుసటి పంటవరకు తీరదు. అప్పుడు బర్మానుండియు, ఆఫ్రికాలోని మొజాంబిక్, టాంజానియా దేశములనుండియు కందులు రావలయును. 2023 జూన్ నెలలో కందులు, మినుములు ఎవ్వరును మితిమీరి నిలువచేయరాదని కేంద్ర ప్రభుత్వము హద్దులు విధింపవలసివచ్చెను. నూనె సంగతియు నట్టిదే. మన దేశము వాడు వంటనూనెలో సగమునకు పైగా పరదేశములనుండి వచ్చునదే. 2022లో ఉక్రెయిను యుద్ధముచేత పొద్దుతిరుగుడునూనె ప్రియమయ్యెను. ఆ సంవత్సరమే ఏప్రిల్ తుదిని ఇండోనేషియా పామాయిల్ ఎగుమతిని కొన్ని వారములు నిలిపివేసెను. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వము దిగుమతి సుంకమును పెంచి, 2025 మేలో ముడినూనెపై తగ్గించెను. ఈ యుద్ధములును సుంకములును మా వీధి మొగనున్న దుకాణదారుని చేతిలోనివి కావు.

కాని అతని చేతిలోనివి మూడు గలవు. ఏ సరకు తెప్పింపవలయు ననునది యొకటి; పాతసరకును ఎప్పుడు తీసివేయవలయు ననునది రెండవది; ఉన్న ధరను ఉన్నట్లు చెప్పుట మూడవది. వెల పెరుగుట అతని దోషము కాకపోవచ్చును. చెప్పక పెంచుటయు, గడువు తీరినదానిని ముందువరుసలో నుంచుటయు మాత్రము అతని దోషములే.

ఈ మౌనవ్యాపారమెక్కడిదని విచారించితిమి. 1916లో అమెరికాలోని మెంఫిస్ పట్టణమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ అను పేర ఒక క్రొత్తవిధమైన దుకాణము తెరచెను. అంతకుమునుపు అక్కడను మన పచారీకొట్టులోవలెనే కొనువారు బల్లకీవల నిలిచి అడుగుచుండిరి. గుమాస్తా లోపలనుండి తెచ్చి తూచి ఇచ్చుచుండెను. సాండర్స్ ఆ బల్లను తొలగించి, కొనువారే అరలనడుమ తిరిగి ఏరుకొను పద్ధతి పెట్టెను. గుమాస్తాల జీతము తగ్గినందున వెలయు కొంత తగ్గెను. అది మంచిదే. అయితే గుమాస్తా చేయు పనియంతయు నాటినుండి కొనువారిపై బడెను. “ఈ పప్పు ఉడుకునా? ఈ బెల్లము క్రొత్తదా?” అని అడిగినచో బదులు చెప్పు మనుష్యుడు పోయి, పొట్లముపై సన్నని అక్షరములు మిగిలినవి. కనుక ఆ అక్షరములనే మనము ప్రశ్నింపవలసియున్నది.

చదువవలసినవి నాలుగు. మొదటిది తేదీ. ‘ఈ తేదీలోపల శ్రేష్ఠము’ అనునది రుచికిని గుణమునకును సంబంధించినది. ‘ఈ తేదీలోపల వాడవలెను’ అనునది ఆరోగ్యమునకు సంబంధించినది, దానిని దాటిన పదార్థమును ముట్టరాదు. అరలలో క్రొత్తసరకు వెనుకకును పాతది ముందునకును సర్దుట వాడుక గాన, చేయి కొంత లోపలికి చాచుట మంచిది. ‘ఒకటి కొన్న ఒకటి ఉచితము’ అన్నచోట గడువు చూడక సంచిలో వేయరాదు.

రెండవది ఎమ్మార్పీ యని అందరు పిలుచు గరిష్ఠ ధర. అందు పన్నులన్నియు జేరియుండును. దానికి మించి తీసికొనుట నేరము, తగ్గించి యమ్మవచ్చును. ముద్రించిన ధరపై చీటి యంటించి పెంచరాదు. తగ్గించుటకు అంటించినను అసలు ధర కప్పబడరాదు.

మూడవది నికరమైన తూకము. పూర్వము నూనె పొట్లమనిన లీటరే; లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగును. ఇప్పుడు కొన్ని పొట్లములు చూపునకు అట్లేయుండి లోపల 850, 800 గ్రాములే యుండును. ఒక పొట్లము 910 గ్రాములు 140 రూపాయలనియు, మరియొకటి 800 గ్రాములు 132 రూపాయలనియు అనుకొందము. రెండవది చౌకయని చేయి దానివైపే పోవును. లెక్కించిచూచిన మొదటిది కిలో 154 రూపాయలు, రెండవది 165 రూపాయలు! ఈ లెక్క మనకు తప్పించుటకే, గ్రాముకో కిలోకో ధర యెంతయో పొట్లముపై ముద్రింపవలెనని నియమము వచ్చినది. నాలుగవదిగ దానిని వెదకి చూడవలయును. సరిపోల్చుటకు అంతకంటె సుళువైన దారి లేదు.

పన్ను సంగతియు నొకమాట. 2022 జూలైనుండి, 25 కిలోలకు మించక ముందుగనే కట్టి పేరువేసిన బియ్యము, పప్పు, పిండి పొట్లములపై నూటికి 5 వంతున జీఎస్టీ పడుచున్నది; విడిగ తూచి యిచ్చు పప్పుపై లేదు. 2025 సెప్టెంబరు 22నుండి నేయి, వెన్నలపై పన్ను 12నుండి 5కును, స్నానపు సబ్బులు, తలనూనెలపై 18నుండి 5కును తగ్గినది. పన్ను పెరిగిననాడే వెల పెంచిన అంగడి, తగ్గినప్పుడును తగ్గించెనా యని బిల్లు చూచి అడుగుట మన హక్కు.

చదువుట వలన మన యిల్లు కొంత బాగుపడును. అంగడి బాగుపడవలెనన్న అడుగవలయును. ఒక్కరు కాదు, పదిమంది. మా వీధిలో ఆరిండ్లవారము ఒక కాగితముపై వ్రాసికొంటిమి: గడువు తీరిన సరకులు తేదీలతో, అరమీది ధరయు బిల్లు ధరయు వేరైనవి ప్రక్కప్రక్కన, దొరకని సరకులు క్రిందను. దానిని పట్టుకొని అందరమును కలిసి మేనేజరుగారి కడకు పోతిమి. మొదట ఆయన, “అన్నీ హెడ్డాఫీసు నుంచి వస్తాయండీ” అనిరి. “ఆ కాగితమునే హెడ్డాఫీసుకు పంపండి బాబూ, ఒక నకలు మా దగ్గరుంటుంది” అని పిన్నిగారు కుర్చీలో కూర్చుండి నెమ్మదిగ చెప్పిరి. కేకలు లేవు, వాదములు లేవు. వారముదినములలో గడువుతీరిన సరకు అరలనుండి తొలగెను. ధరల చీటీలు మార్చబడెను. పొట్టుమినపప్పు నేటికిని రాలేదు. తోటకూర సంగతి యథాప్రకారము.

మాటతో తీరనిదానికి చట్టము కలదు. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పవచ్చును. తూకములోనో ముద్రిత ధరలోనో మోసమున్నచో తూనికలు కొలతల శాఖవారికి తెలుపవచ్చును. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనుకు పోవుటకు న్యాయవాది తప్పనిసరి కాదు. వస్తువునకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలకు లోబడినచో రుసుమును లేదు. కావలసినది బిల్లు. బిల్లును పారవేయక పోపులపెట్టెప్రక్కన ఒక డబ్బాలో దాచుట యింటింట అలవాటు కావలయును.

ఇంకను ఒక దారి కలదు, అది పాతది. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున కలుషితమైన పిండికిని అధికమైన ధరకును విసిగిన నేతపనివారు మున్నగువారు పైసలు కూడబెట్టుకొని 1844 డిసెంబరులో తమకొఱకు తామే ఒక చిన్న దుకాణము తెరచిరి. వెన్న, చక్కెర, పిండి, ఓటుపిండి, క్రొవ్వొత్తులు — అంతే సరకు. కల్తీలేని వస్తువు, నిండు తూకము వారి నియమము. లోకమందలి సహకార సంఘములకు అది మార్గదర్శకమాయెను. మన చెన్నపట్టణమున తిరువళ్ళిక్కేణిలో 1904లోనే అట్టి సహకార భాండారము స్థాపితమైనది. కూరగాయలకు మన రాష్ట్రమున 1999 జనవరిలో రైతుబజారులు ఆరంభమయ్యెను. 2023 వేసవి కడపట టమాటా కిలో నూరురూపాయలు దాటినపుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రైతుబజారులలో 50 రూపాయలకు అమ్మించెను.

సంఘము స్థాపించునంతటి శక్తి మాకు లేదు. అయినను ఆరిండ్లవారము చేరి నెలకొకసారి పప్పుమిల్లునుండి ఒక బస్తా కందిపప్పు తెప్పించి పంచుకొనుచున్నాము. ఆటో కూలి పోగా కిలోకు కొంత కలిసివచ్చుచున్నది. పప్పు క్రొత్తది, చక్కగ నుడుకుచున్నది. పిన్నిగారి వాటా రెండు కిలోలు వారి గుమ్మములోనికే చేరుచున్నది. వారింట ఆదివారమునాడు ముద్దపప్పు వండుకొనుచున్నారు.

సోదరీమణులారా! ధరలను దింపు మంత్రము మనయొద్ద లేదు. కాని గృహిణి చదివి కొనునదియు, బిల్లు దాచునదియు, ఇరుగుపొరుగులతో కలిసి యడుగునదియు నని తెలిసిన దుకాణదారుడు పాతసరకును ముందువరుసలో నుంచుటకు ఒకటికి రెండుమార్లు ఆలోచించును. మీ వీధిలో ఆరిండ్లు లేకపోవునా? వచ్చు నెల సరకుల పట్టీ వ్రాయునాడు ఆ యారిండ్లవారిని ఒకచోట కూర్చుండబెట్టి చూడుడు.