అరుగు లేని ఇంట కచేరీ

శార్వరి నామ సంవత్సరాది 2020 మార్చి 25వ తేదీ బుధవారమునాడు వచ్చినది. శార్వరి యనగా రాత్రి యని అర్థము చెప్పి భయపెట్టువారు ప్రతి అపార్టుమెంటులోను ఒక్కరైనను ఉండకపోరు గాని, ఆ యేడు వారి మాటను కొట్టివేయుటకు ఎవరికిని నోరు రాలేదు. ముందునాటి రాత్రి ఎనిమిది గంటలకు ప్రధానమంత్రి టీవీలో కనబడి, అర్ధరాత్రి మొదలు 21 దినములు దేశమంతయు గడప దాటరాదని ప్రకటించియుండెను. కూకట్‌పల్లిలోని మా ఫ్లాటులో భోజనబల్లకు ఒక కొసను ఉగాది పచ్చడి గిన్నెయు, రెండవ కొసను మా అబ్బాయికి ఆఫీసువారు క్యాబులో పంపిన కంప్యూటరును, ఆ రెంటి నడుమ వైర్ల చుట్టయు ఉండెను. సెలవుదినమే అయినను, ఇంటినుండి పని సాగునో సాగదో పరీక్షించుకొనవలసి యుండుటచే అతడు పెందలకడనే కూర్చుండెను. టీవీలో పంచాంగశ్రవణము సాగుచుండగా, నా రాశికి ఆదాయ వ్యయములు చెప్పబోవు సరిగా ఆ క్షణముననే అతడు వెనుకకు తిరిగి, “నాన్నా, కాస్త సౌండు తగ్గించండి, కాల్‌లో ఉన్నాను” అనెను. తరువాతి రెండేండ్లలో ఆ వాక్యమును నేనెన్ని మారులు వింటినో లెక్క లేదు. ఆ యేటి నా ఆదాయ వ్యయములు మాత్రము నేటికిని నాకు తెలియవు.

ఇల్లే పనిచోటగుట తెలుగువారికి క్రొత్త గాదు. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో నేతవారి యింటికి పోయినవారికి మొదట కనబడునది మగ్గము. దాని గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చుండినవానికి ఒక ప్రక్క వంటింటి పొగ, మరియొక ప్రక్క కండెలు చుట్టు ఇంటివారు. ఊరి కరణముగారికి ప్రత్యేకముగ ఆఫీసనునది లేదు. అడంగళ్లును శిస్తు లెక్కలును ఆయన యింటనే యుండెడివి. అయితే ఆ లెక్కలు చూచుటకు వచ్చిన రైతు ఆయన యింటిలోనికి పోవుచుండెనా యనిన, లేదు. అతడు అరుగుపై కూర్చుండెడివాడు. ఆ అరుగు అనునది ఇల్లును గాదు, వీధియు గాదు. ఇంటివారికి కొంత వీధి, వీధివారికి కొంత ఇల్లు. వ్యవహారము అక్కడ మొదలై అక్కడనే ముగియును. గడప లోపల కరణముగారు కరణముగారు గాక ఒక తండ్రి, ఒక భర్త, కంది పచ్చడిలో ఉప్పెక్కువైనదని సణుగుకొను ఒక మనిషి. పిమ్మట కచేరీలును మిల్లులును బ్యాంకులును వచ్చి పనిని ఇంటినుండి లాగికొనిపోగా, పోయిన పనితోపాటు అరుగు అవసరమును పోయినది. మేడలకు వరండాలైనను మిగిలినవి. ఫ్లాట్లకు అదియు లేదు, తలుపు తీసిన ఎదుట లిఫ్టు. 2020లో పని ఒక్క రాత్రిలో ఇంటికి తిరిగివచ్చినప్పుడు మనకు కొరవడినది ఇంటర్నెట్టో, మంచి కుర్చీయో యని చాలమంది తలచిరి. నా మట్టుకు నాకు కొరవడినది అరుగే యని తోచుచున్నది.

ఈ ఆలోచన పాశ్చాత్యులకును ఒక విధముగ తెలియకపోలేదు. దూరమునుండి పనిచేయుటకు ‘టెలికమ్యూటింగ్’ అను పేరును 1973లో పెట్టిన జాక్ నిల్లెస్ అను అమెరికా ఇంజనీరు, ఉద్యోగిని తీసికొనిపోయి తిన్నగా వాని పడకగదిలో కూర్చుండబెట్టలేదు. లాస్ ఏంజెలెస్ నగరపు వాహనముల రద్దీని తగ్గించుటకై ఉద్యోగుల నివాసములకు చేరువగా చిన్న చిన్న కార్యాలయములుండవలెనని ప్రయోగము చేసెను. చైనాలో సీట్రిప్ అను ప్రయాణముల సంస్థ, ఆర్థికశాస్త్రవేత్త నికొలస్ బ్లూమ్ ప్రభృతుల పర్యవేక్షణమున, తన కాల్ సెంటరు ఉద్యోగులలో కొందరిచేత 2010, 2011 సంవత్సరములలో తొమ్మిది నెలలు ఇంటినుండి పనిచేయించి చూచెను. పని 13 శాతము పెరిగినది. అయినను గడువు తీరిన పిమ్మట సుమారు సగము మంది మరల ఆఫీసునకే పోదుమనిరి, ఒంటరితనమును భరింపలేమనిరి. ఆ ప్రయోగమునకు ఎన్నికగుటకు విధించిన నియమములలో ఒకటి గమనింపదగినది: ఇంటియందు పనికై వేరు గది యుండవలెను. మన నగరములలో నూటికి ఎందరు ఆ నియమమునకు తూగుదురో పాఠకులే ఊహింతురు గాక.

మన దేశమున మరియొక చిక్కు కూడ నుండెను. కాల్ సెంటర్ల వంటి సంస్థల ఉద్యోగులు ఇంటినుండి పనిచేయుటకు టెలికాం శాఖవారి కఠినమైన షరతులు అడ్డుగా నుండెడివి. 2020 మార్చి 13వ తేదీన వానిని తాత్కాలికముగ సడలించిరి. ఆ సడలింపును పొడిగించుచు వచ్చి, నవంబరు 5వ తేదీన నిబంధనలనే మార్చిరి. చట్టము కన్న వ్యాధి ముందు నడచినది. ఆ మార్చిలో, గడప దాటరాదను ఆజ్ఞకు ముందు, హైటెక్ సిటీ మేడలనుండి కంప్యూటర్లు, తెరలు, కొన్నియెడల కుర్చీలు సైతము క్యాబులెక్కి ఉద్యోగుల ఇండ్లకు తరలిపోవుట నేను కన్నులార చూచితిని. ఇంటి కంప్యూటరు ఆఫీసు రహస్యములను తాకుటకు వీపీఎన్ అను ఏర్పాటు కలదు. ఊరందరు నడచు బాటపైననే, లోపలి సరుకు ఒరులకు కనబడకుండ గూడుబండి కట్టి తోలుకొనిపోవుట వంటిది అది. వేలమంది ఒక్కసారిగా బండ్లు తోలగా బాట ఇరుకైనది. జూమ్ అను సాధనము ద్వారా సమావేశమగువారు 2019 డిసెంబరులో దినమునకు సుమారు 1 కోటి యుండగా, మూడు నెలలకే 20 కోట్లు దాటిరని ఆ సంస్థయే ప్రకటించెను. అందు మా యింటివారు ముగ్గురు: కొడుకు, కోడలు, రెండవ తరగతి చదువు మనుమరాలు.

ఈ ముగ్గురిని రెండు పడకగదుల యింటిలో సర్దుట యెట్లు? మా అమ్మ మడి కట్టుకొన్న దినములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. మడిలో నున్నవారి చుట్టు కంటికి కనబడని గీత యొకటి యుండెడిది. ఆ గీత ఎంత దూరమున కలదో పిల్లలకు ఎవరును చెప్పకయే తెలియును. పొరపాటున తాకినచో ఆమె మరల స్నానము చేయవలసివచ్చును, మనకు వీపు మ్రోగును. మీటింగులో ఉన్నవాడు సరిగా మడిలో ఉన్నవాడే. మా మనుమరాలు వారము తిరుగకుండ శాస్త్రమంతయు నేర్చినది: తండ్రి అరచేయి పైకెత్తినచో దగ్గరకు రాగూడదు, వ్రేలితో చెవిని చూపినచో మైకు మూసియున్నది, మెల్లగా చెప్పుకొనవచ్చును, తల అడ్డముగా ఊపినచో అమెరికావారు కోపముగ నున్నారు, చాక్లెటు మాట సాయంకాలము ఎత్తవలెను.

ఇంత మడి పాటించినను సాయంకాలమునకు అబ్బాయి ముఖము వాడిపోయెడిది; కాలు కదపక కూర్చుండినవానికి ఇంత అలసట యేల యని నేను విస్తుపోయెడివాడను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జెరెమీ బైలెన్సన్ అను ఆచార్యుడు 2021 ఫిబ్రవరిలో ఒక వ్యాసమున దీనికి కారణములు చెప్పెను. ఆత్మీయులు మాత్రమే రాదగినంత చేరువకు వచ్చినట్లు పదిమంది ముఖములు తెరనిండ నిలిచి మనలనే చూచుచుండును. తల ఊపుట, కనుబొమ యెత్తుట వంటి చిన్న సంజ్ఞలను గూడ ప్రయత్నపూర్వకముగ చేయవలసి యుండును. కెమెరా చట్రము దాటి కదలుటకు వీలుండదు. అన్నిటికన్న మించి, తన ముఖమును తాను చూచుకొనుచు పనిచేయవలసివచ్చును. మంగలి దుకాణములో అద్దమునకు ఎదురుగ ఎనిమిది గంటలు కూర్చుండి వ్యవహారములు చక్కబెట్టుకొనుమనిన ఎవరికి మతి నిలుచును? తన బొమ్మ తనకు కనబడకుండ దాచుకొనుటయు, తెరతో పని లేనప్పుడు ఉత్త ఫోనులో మాట్లాడుచు అటునిటు నడచుటయు దీనికి విరుగుళ్లు. కంటి వైద్యులు 20 నిమిషముల కొకమారు 20 అడుగుల దూరముననున్న వస్తువును 20 సెకండ్లు చూడుమందురు. మా ఫ్లాటులో అంత దూరము ఎచ్చటను లేనందున అబ్బాయి బాల్కనీలోనికి పోయి ఎదుటి బ్లాకువారు ఆరవేసిన దుప్పట్లను చూచి వచ్చెడివాడు.

కోడలి సంగతి వేరు. పడకగదిలో ఇస్త్రీబల్ల ఆమె కచేరీ. ఒక చెవికి హెడ్‌ఫోను, రెండవ చెవి కుక్కరునకు. “మావయ్యగారూ, మూడో విజిల్‌కి స్టవ్ కట్టేయండి” అని ఆమె నాతో అనుచున్నప్పుడు మైకు మూసియుండెనో లేదో తెలియదు. ఆ సంస్థలో ఎందరు మా పప్పు ఉడుకుటను అనుసరించిరో ఎవరెరుగుదురు. పనిమనిషిని అసోసియేషన్ వారు గేటు దాటనీయలేదు. ఆమె పని ఇంటినుండి చేయదగినది కాదు గదా. క్యాబు నడుపువానిదియు, మాదాపూరులో మధ్యాహ్నము ప్లేటుభోజనము అమ్మువానిదియు అంతే. కేంద్ర గణాంక శాఖవారు 2019లో జరిపిన కాలవినియోగపు లెక్క ప్రకారము ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, పురుషులు 97 నిమిషములు దానికై వెచ్చించుచున్నారు. ఇది కరోనాకు ముందటి మాట. మా యింట ఆ 97లో నా వాటా సున్న యని ఒప్పుకొనుటకు సిగ్గుపడను. సిగ్గుపడి ఫలము లేదు. డెబ్బదవ యేట గిన్నెలు తోముట నేర్చుకొంటిని, పాలు మాడిన గిన్నె మాత్రము నేటికిని నాకు లొంగలేదు.

నేను ముప్పది యేండ్లు కూకట్‌పల్లినుండి కోఠికి బస్సులో పోయి వచ్చినవాడను. ఆ ప్రయాణమును తిట్టుకొనని దినము లేదు. కాని ఇప్పుడు ఆలోచింపగా, ఆఫీసరుపై నాకు గల కోపము అమీర్‌పేట వచ్చుసరికి సగమును, ఎర్రగడ్డ దాటుసరికి తక్కినదియు చల్లారి, ఇల్లు చేరునది ఒట్టి మనిషి. ఆ బస్సు నాకు అరుగు. మా అబ్బాయికి ఆ ఎడము లేకపోయెను: రాత్రి పది గంటలకు అమెరికావారితో వాదులాట ముగించి, మూడు అడుగులు నడచి మంచమెక్కవలసివచ్చెను, ఆ వాదులాట కూడ వెంట నడచి మంచమెక్కెను. ప్రయాణములో మిగిలిన రెండు గంటలును పనికే పోయినవని అతడు లెక్క వేసి చెప్పెను.

అరుగు గల ఇంట ఏమి జరిగెనో చూచుట నాకు తటస్థించినది. మా మేనల్లుడు మాదాపూరు హాస్టలులో నుండెడివాడు. లాక్‌డౌన్ రాగానే హాస్టళ్లు ఖాళీ చేయుమనిరి. వేలాది కుర్రవాండ్రు పోలీసు స్టేషన్ల యెదుట బారులు తీరి అనుమతిపత్రములు పుచ్చుకొని మోటారుసైకిళ్లపై బయలుదేరగా, రాష్ట్ర సరిహద్దున గరికపాడు చెక్‌పోస్టు కడ ఆపివేసిరి. వీడును వారిలో ఒకడు. ఎట్టకేలకు భీమవరము దాపుననున్న ఊరు చేరి, పదునాలుగు దినములు కొట్టుగదిలో ఏకాంతముండి, బయటికి వచ్చి చూచుకొనగా ఫోను సిగ్నలు మండువాలో ఒక గీత, అరుగుపై మూడు గీతలు. ఆ అరుగు వాని తాతగారిది. 1984లో కరణీకములు రద్దగు వరకు ఆయన అక్కడనే దస్త్రములు విప్పెడివారు. ఆయన వ్రాతపెట్టెను అటుకపైనుండి దింపి దానిపై ల్యాప్‌టాప్ పెట్టగా, మూత వాలుగ నుండుటచే జారసాగినది. మా బావగారు అడుగున రీపరు ముక్క యొకటి మేకులతో కొట్టి నిలిపిరి.

మొదట ఊరివారు నమ్మలేదు. “ఏం బాబూ, ఉద్యోగం పోయిందంటగా?” అని పాలవాడు సైతము పరామర్శించెను. దాళ్వా కోతలు సాగుచుండుటచే బావగారు, “ఖాళీగానే ఉన్నావుగా, కాస్త కాటా దగ్గర నిలబడరా” అనెడివారు. ఒకనాటి రాత్రి వాడు అరుగుపై నిలిచి అమెరికాలోని వారెవరితోనో ఇంగ్లీషున గట్టిగ వాదించుచుండగా, ఎదుటి అరుగుపైని వృద్ధులు తుదివరకు విని, “ఎదురు తిరిగి అరుస్తున్నాడంటే ఉద్యోగం ఉన్నట్టే” అని తీర్పు చెప్పిరట. నాటినుండి కాటా బాధ తప్పినది. నేను ఆ యేడు శీతకాలమున పోయి నాలుగు దినములుండి చూచితిని. పని ముగియగానే వాడు వ్రాతపెట్టెపై తువ్వాలు కప్పును. మెట్లు దిగి, నూతి కడ కాళ్లు కడుగుకొని, గడప దాటును. కరోనా భయముచే మా అక్క పెట్టిన నియమమది. లోపలికి వచ్చిన పిమ్మట ఫోను మ్రోగిననుసరే, మరల కాళ్లు కడుగుకొనవలసివచ్చునను బద్ధకముచే వాడు అరుగుపైకి పోయెడివాడు కాడు.

2022 జూలైలో ప్రత్యేక ఆర్థిక మండలములలోని సంస్థలు ఉద్యోగులలో సగము మందిని ఇంటినుండి పనిచేయనీయవచ్చునని కేంద్రము నిబంధన చేర్చెను. సరిగా ఆ కాలముననే సంస్థలు ఒక్కొక్కటియే మరల రమ్మని పిలువసాగినవి. మేనల్లుడును హైదరాబాదు వచ్చి, నిజాంపేటలో ముగ్గురు స్నేహితులతో ఫ్లాటు తీసికొని, వారమునకు మూడు దినములు ఆఫీసునకు పోవుచున్నాడు. మొన్న ఫోను చేసి, “గంటన్నర ట్రాఫిక్‌లో కొట్టుకుని వెళ్తే, అక్కడ కూడా అందరం హెడ్‌ఫోన్లు పెట్టుకుని పక్కోడితో జూమ్‌లోనే మాట్లాడుకుంటున్నాం మావయ్యా” అని చాలసేపు నవ్వెను. మా అక్క సంక్రాంతికి ఇంటికి సున్నము వేయింప దలచినది; ఆ మాట వానికెట్లో తెలిసినది. ఫోను పెట్టివేయబోవుచు వాడన్నది: “అరుగు మీద ప్లగ్గు బోర్డు పీకించొద్దని అమ్మతో చెప్పు.”