మేడమీద ప్రదక్షిణాలు చాలు



“పొద్దున లేచింది మొదలు ఇంట్లో తిరుగుతూనే ఉంటాం గదా, మళ్ళీ ప్రత్యేకంగా నడవడమెందుకు?” అంటారు మీరు. నేనూ అలాగే అనేదాన్ని. వంటింటికీ వరండాకీ మధ్య మనం తిరిగేది ఆగి ఆగి తిరగడం. ఊపిరి కాస్త వేగంగా ఆడేలా, ఆగకుండా సాగే నడక వేరు. అలా నడిస్తే కాళ్ళ కండరాలు రక్తంలోని చక్కెరను తీసుకుని ఖర్చుపెడతాయి. మా అమ్మకు చక్కెర జబ్బుతోనే చూపు పోయింది. కిందటేడు పరగడుపున చేసిన రక్తపరీక్షలో నా అంకె కూడా హద్దు దగ్గరికొచ్చేసరికి గుండెల్లో రాయి పడింది.

మర్నాడే మేడమీద ప్రదక్షిణాలు మొదలెట్టాను. అదే నీళ్ళ ట్యాంకు, అవే బట్టల తీగెలు. పదో రోజుకి మానేశాను. కాళ్ళు నొప్పెట్టి కాదండీ, విసుగు పుట్టి!

“తార్నాకలో ఉంటూ మేడమీద తిరుగుతావుటే?” అని పక్కింటి పిన్నిగారు చీవాట్లు పెట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు లాక్కుపోయారు. మెట్రిక్‌తో చదువాపేసిన నాకు ఆ ఆవరణలో అడుగుపెట్టాలంటే మొదట్లో బెరుకే. ఇప్పుడు వేపచెట్ల కింద నడుస్తుంటే, ఎక్కడో నెమలి కూస్తే, అడుగులు లెక్కపెట్టే పనే ఉండదు. పొద్దున్నే తార్నాక నుంచి వెళ్ళేటప్పుడు ఎండ వీపు మీద పడుతుంది, వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. అందుకని పెందలాడే బయల్దేరాలి. దారి చివర ఆర్ట్స్ కాలేజీ. 1939లో ప్రారంభమైన ఆ గులాబిరంగు రాతి మేడను ఎన్నాళ్ళు బస్సులోంచి చూశానో! ఎల్లోరా గుహల్లాంటి స్తంభాలనీ, మసీదు కమానులనీ ఒకే కట్టడంలో ఎలా కలిపారో నిలబడి చూస్తేనే తెలుస్తుంది.

అది విద్యార్థుల చోటన్నది మరవకూడదు. బయటివాళ్ళు ఏ వేళల్లో రావచ్చో, అనుమతి ఏమైనా కావాలో గేటు దగ్గర కనుక్కోండి. పరీక్షలో, సభలో ఉన్న రోజున మా వీధులే మాకు గతి. 2017లో మెట్రో వచ్చినా పెద్దరోడ్డు మీద మోత మోతే, లోపలి వీధులు నయం. ఒక్కోసారి జాతీయ పోషకాహార సంస్థ దాకా వెళ్ళొస్తాం. 1918లో కూనూరులో మొదలై, 1958లో మన ఊరొచ్చిన సంస్థ అది. ఉస్మానియా పుట్టిందీ 1918లోనే. ఇద్దరూ ఒకీడు వాళ్ళన్నమాట!

మీ పేటలో ఏ దారి బాగుంటుందో ముందు ఒక ఆదివారం ఇద్దరు కలిసి పగటిపూట చూసి రండి. నీడ ఉందా, జనసంచారం ఉందా, కాలు నొప్పెడితే కూర్చోడానికి అరుగైనా ఉందా, ఏ మలుపులో కుక్కలున్నాయి, ఇవి చూసుకోవాలి. నిర్మానుష్యంగా ఉండే అడ్డదారి ఎంత అందంగా ఉన్నా వద్దు. మెడలో బంగారం ఇంట్లో పెట్టి వెళ్ళండి. చెప్పుల బదులు బూట్లు వేసుకోండి, చీరమీదకైనా సరే, నవ్వేవాళ్ళు నాలుగురోజులు నవ్వుతారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలంటుంది. అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. చక్కెరకు మందులు వాడేవారు డాక్టరుని అడిగి మొదలుపెట్టాలి, నడకలో కళ్ళు తిరగొచ్చు.

ఇక ఆ అరగంట ఇల్లెవరు చూస్తారంటారా? మావారు పాలు కాస్తానన్నారు. మొదటిరోజు పొంగించి స్టవ్వంతా పాడుచేశారు. నేను మాత్రం మర్నాడూ వెళ్ళాను.