గాలి గది చెదిరిన గుడ్డు

గత శీతకాలంలో మన రువైస్ హౌసింగ్ కాంప్లెక్స్‌లో మాకు తెలిసి నాలుగు తెలుగు ఇళ్ళలో కోడిగుడ్లు పొదిగించే ప్రయత్నం జరిగింది. ఒకరింట్లో పిల్లవాడికి బడిలో ఇచ్చిన పని కారణం. మరొకరింట్లో, గుడ్డు అనేది సూపర్ మార్కెట్‌లో అట్టపెట్టెలోనే పుడుతుందని అమ్మాయి గట్టిగా నమ్మడం కారణం. ఫలితాలు మాత్రం అంతంతమాత్రం. ఇంక్యుబేటరు మంచిది కాదని ఒకరు, గుడ్లే నాసిరకమని ఇంకొకరు, దిష్టి తగిలిందని వేరొకరు తేల్చేశారు. మేమూ ఒక పెట్టె పెట్టిన వాళ్ళమే. వైద్యవృత్తిలో ఉన్నందువల్ల, పిల్ల కాని గుడ్డును విప్పి చూడనిదే మాకు నిద్ర పట్టదు. అలా చూసిన మీదట మాకు తోచినదేమిటంటే, దోషం చాలావరకు పెట్టెలో లేదు, దారిలో ఉంది.

మన ఊరు అబూధాబీకి పడమరగా సుమారు 240 కిలోమీటర్లు. పొదుగుకు పనికొచ్చే నాటుకోడి గుడ్లు మాకు అల్ ఐన్ వైపు నుంచి వచ్చాయి. అంటే ఇంకొక 160 కిలోమీటర్లు కలుపుకోవాలి. వ్యాను ఎక్కి, దిగి, గోదాములో ఒక రాత్రి పడుకుని, మళ్ళీ వ్యాను ఎక్కి, ప్రతి స్పీడ్ బ్రేకరుకూ ఒక ఎగురు ఎగిరి, చివరకు మూడో రోజు మా గుమ్మం ముందు దిగాయి. 24 గుడ్లలో 3 పైకే చిట్లి ఉన్నాయి. మిగతా 21 చూడ్డానికి ముత్యాల్లా ఉన్నాయి. పైకి ముత్యంలా ఉన్న గుడ్డే మనల్ని మోసం చేస్తుంది.

గుడ్డు వెడల్పాటి కొన దగ్గర లోపల ఒక ఖాళీ ఉంటుంది. ఉడికించిన గుడ్డు ఒలిచేటప్పుడు కనబడే చొట్ట అదే. కోడి శరీరపు వేడి సుమారు 41 డిగ్రీలు. ఆ వేడిలోనుంచి బయటపడ్డ గుడ్డు చల్లారేసరికి లోపలి పదార్థం కొంచెం కుంచించుకుపోతుంది. పెంకుకు లోపలివైపు అతుక్కుని రెండు పలుచటి పొరలుంటాయి. వెడల్పు కొన దగ్గర ఆ రెండూ విడిపోయి మధ్యలోకి గాలి చేరుతుంది. దీన్ని గాలి గది అందాం. మొదట్లో పావలా బిళ్ళంత. లోపలి తేమ ఆవిరైన కొద్దీ పెద్దదవుతుంది. పుట్టబోయే పిల్ల తొలి ఊపిరి తీసుకునేది అక్కడే.

ప్రయాణంలో కుదుపులకు లోపలి పొర తన అంచు దగ్గర వదిలిపోతుంది. అప్పుడు గాలి గది టోపీలా నెత్తిమీద నిలవకుండా ఒక పక్కకు జీనులా జారుతుంది. ఇంకా గట్టి దెబ్బ తగిలితే పొర చిరిగి, గాలి బుడగలై గుడ్డంతా తిరుగుతుంది. గుడ్డును వంచితే, మేస్త్రీ చేతిలో రసమట్టం బుడగ నడిచినట్టు నడుస్తుంది. ఇది కనిపెట్టడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. రాత్రిపూట స్నానాలగదిలో దీపం ఆర్పి, వెడల్పు కొనకు ఫోనులోని టార్చిలైటు ఆనించి చూస్తే చాలు. మా 21 గుడ్లలో సరిగ్గా ఉన్నవి 4. పక్కకు జారినవి 13. బుడగ తిరుగుతున్నవి 4. పెన్సిలుతో పెంకుమీద గాలి గది అంచు గీసి, తేదీ వేశాము. పిల్లలకు ఈ పని మహా ఇష్టం.

ఇక్కడే చాలామంది ఆ 17 గుడ్లనూ ఆమ్లెట్‌కు పంపించేస్తారు. తొందరపడవద్దని మా మనవి. ఆమ్లెట్‌కు పోవలసినవీ ఉంటాయి, కాని అవి ఏవో మొదటి రోజున తెలియదు.

చేయవలసిన మొదటి పని ఏమీ చేయకపోవడం. సన్నని కొన కిందికి ఉండేలా గుడ్ల అట్టలో నిలబెట్టి, ఇంట్లో చల్లని గదిలో ఒక పగలూ రాత్రీ కదపకుండా ఉంచాలి. కడగకూడదు. పెంకుమీద కంటికి కనబడని సహజమైన పూత ఒకటి ఉంటుంది, కడిగితే అది పోయి సూక్ష్మజీవులకు తలుపు తెరిచినట్టవుతుంది. ఈ విశ్రాంతిలో చిరిగిన పొర అతుక్కుంటుందని కొందరంటారు. పొర అతుక్కోదు. చెదిరిన గాలి పైకి తేలి వెడల్పు కొన దగ్గర స్థిరపడుతుంది, కలగాపులగమైన తెల్లసొన కాస్త సర్దుకుంటుంది. అంతవరకే, కాని అంతమాత్రం మనకు చాలు.

తరువాత ఇంక్యుబేటరులో కూడా గుడ్లను పడుకోబెట్టకుండా అలాగే నిలబెట్టాలి. ఫ్యాను ఉన్న పెట్టెలో వేడి 37.5 డిగ్రీల సెంటీగ్రేడు. ఫ్యాను లేని దానిలో గుడ్ల పైభాగం మట్టానికి కొలిస్తే 38.5 దరిదాపుల్లో ఉండాలి. ఇక తిప్పడం. దీనిమీద ఎవరి వేదం వారిది. మామూలు గుడ్లను మొదటి రోజునుంచీ తిప్పుతారు, లేకపోతే పిండం పెంకు పొరకు అతుక్కుపోతుంది. గాలి గది చెదిరిన గుడ్లను తిప్పితే వదిలిన పొర ఇంకా వదులుతుంది. అందుకని వారం రోజులు ముట్టుకోకుండా ఉంచేవాళ్ళున్నారు. మాకు అది అతి అనిపిస్తుంది. తిప్పడం వల్ల అసలు ప్రయోజనం ఎక్కువగా ఉండేది మూడో రోజునుంచి ఏడో రోజు మధ్యనే అని కోళ్ళ శాస్త్రం చెబుతోంది. మందు మోతాదు లాంటిదే ఇదీ. మొదటి మూడు రోజులు కదపకుండా ఉంచి, నాలుగో రోజునుంచి రోజుకు నాలుగైదుసార్లు మెల్లగా ఒక పక్కకు, తరువాత రెండో పక్కకు 45 డిగ్రీలు వాల్చాము. అట్ట కింద ఒకవైపు పుస్తకం పెట్టి తీస్తే సరిపోతుంది. మా ఇంట్లో ఆ సేవ చేసింది పాత ఫార్మకాలజీ గ్రంథం. కాలేజీ రోజుల్లో కన్నా ఇప్పుడే ఎక్కువ ఉపకరించింది.

తేమ సంగతి రువైస్‌వాళ్ళు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. సముద్రం పక్కనే ఉన్నాం కదా, తేమకు కొదవేమిటి అనుకుంటాం. గదిలో 22 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి, పెట్టెలో 37.5కు వేడెక్కేసరికి 25 శాతానికి పడిపోతుంది. నీళ్ళు పోయక తప్పదు. మొదటి 18 రోజులు 45 నుంచి 50 శాతం, చివరి మూడు రోజులు 65 నుంచి 70. మామూలుగా గాలి గది ఎంత పెరిగిందో చూసి తేమ సరిపోయిందో లేదో చెబుతారు. మన గుడ్లలో ఆ గదే వంకర కాబట్టి దాన్ని నమ్మలేము. త్రాసును నమ్మాలి. 18వ రోజుకు గుడ్డు తన బరువులో సుమారు 12 శాతం పోగొట్టుకోవాలి, అంటే 50 గ్రాముల గుడ్డు 44కు దిగాలి. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే నాలుగు రోజులకొకసారి తూచి రాసుకోవచ్చు. దిగకపోతే నీళ్ళు తగ్గించాలి, మరీ దిగితే పెంచాలి. శ్రీమతికి ఆ త్రాసు తిరిగి ఇచ్చేముందు బాగా కడగడం మరువకండి.

ఈ పెట్టెల చరిత్ర కూడా వినదగినది. ఈజిప్టులో గుడ్లను పేడ వేడిమితో పొదిగిస్తారని అరిస్టాటిల్ రాశాడు. గుడ్డులో పిల్ల ఎలా రూపుకడుతుందో వర్ణించినవాడూ ఆయనే. ఆ దేశపు పొయ్యిల మర్మం గురించి ఫ్రాన్సులో రియోమూర్ 1749లో ఒక గ్రంథమే వెలువరించాడు. మాకు ఎక్కువ నచ్చిన కథ వేరు. పారిస్‌లో స్టెఫాన్ తార్నియే అనే ప్రసూతి వైద్యుడు అక్కడి జంతుప్రదర్శనశాలలో కోడిగుడ్లు పొదిగే యంత్రాన్ని చూసి, అలాంటిదే నెలలు నిండని శిశువులకోసం చేయించి, 1880ల తొలినాళ్ళలో తన ఆసుపత్రిలో పెట్టించాడు. హౌస్‌సర్జన్సీలో మేము రాత్రుళ్ళు కాపలా కాసిన ఆ గాజు పెట్టెకు మూలం కోళ్ళగూడే అన్నమాట.

ఏడో రోజున వెలుతురుకు పట్టి చూస్తే బతికిన గుడ్డులో సాలెగూడులా ఎర్రటి నరాలు, నడుమ కదిలే నల్లచుక్క కనబడతాయి. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. మా 21లో 5 ఖాళీగా ఉన్నాయి, తీసేశాము. 14వ రోజున మరో 3 ఆగిపోయి ఉన్నాయి. మురిగిన గుడ్డు పెట్టెలో పగిలితే మిగతావాటికీ ప్రమాదమే కాబట్టి మొహమాటపడకూడదు. ఊళ్ళో అమ్మమ్మ గంపలో ఊక పోసి పెట్టను కూర్చోబెట్టేటప్పుడు, పిడుగులకు గుడ్లు చెడకుండా ఒక ఇనుపముక్క, బొగ్గు వేసేది. పిడుగు మాట ఎలా ఉన్నా, అదురుకు గుడ్డు చెడుతుందని ఆవిడకు తెలుసు. చివరి రోజుల్లో గోరువెచ్చని నీళ్ళలో వేసి, కదిలిన గుడ్డు బతికినట్టు లెక్కవేసేది. చిరిగిన పొరలున్న మన గుడ్లతో ఆ పరీక్ష మాత్రం వద్దు.

18వ రోజున తిప్పడం ఆపి, అడుగున కన్నాలు చేసిన గుడ్ల అట్టలో నిలబెట్టే ఉంచాము. అంతవరకు పిల్లకు ఊపిరితిత్తి పని చేసేది పెంకు లోపలంతా పరుచుకున్న రక్తనాళాల పొర. పెంకులోని వేలాది సన్న రంధ్రాలగుండా ఆమ్లజని అందుతుంది. 19, 20 రోజుల నాటికి అది చాలదు. అప్పుడు పిల్ల మెడ ఎత్తి, ముక్కుతో గాలి గది పొరను పొడిచి తొలిసారి ఊపిరి పీలుస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే కిచకిచ వినబడుతుంది. మనిషి బిడ్డకు బొడ్డుకోసే వేళ నిమిషాల్లో జరిగిపోయే మార్పు కోడిపిల్లకు దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా అది రెండు విధాలా ఊపిరి తీస్తుంది. గాలి గది చెదిరితే ప్రమాదం సరిగ్గా ఇక్కడే. పొడవవలసిన చోట గాలి లేక, ఎక్కడో పక్కన పొడిచి పిల్ల ఆగిపోవచ్చు.

పెంకుకు తొలి చిల్లు పడ్డాక బయటపడేందుకు 12 నుంచి 24 గంటలు పట్టడం మామూలే. ఇంట్లో అందరూ చుట్టూ చేరి "మీరు డాక్టరు కదా, తీయకూడదా" అంటారు. తీయకూడదు. ఆ గంటల్లో పొరలోని రక్తం పిల్ల ఒంట్లోకి తిరిగి చేరుతుంది, మిగిలిన పచ్చసొన కడుపులోకి లాక్కోబడుతుంది. తొందరపడి పెంకు ఊడదీస్తే నెత్తురు పోయి చస్తుంది. మాటిమాటికీ మూత తీసినా తేమ పోయి, పొర ఎండి పిల్లకు చుట్టుకుంటుంది. చిల్లు పడి 24 గంటలు దాటినా కదలిక లేక, పొర గోధుమరంగు కాగితంలా ఎండిపోయినప్పుడు మాత్రమే చేయి పెట్టాలి. చిల్లు దగ్గర పెంకు ఒక్కొక్క ముక్కే తీసి, గోరువెచ్చని నీళ్ళలో ముంచిన దూదితో పొర తడపాలి. ఎర్రటి నరం కనబడితే అక్కడితో ఆపి, మళ్ళీ పెట్టెలో పెట్టి కొన్ని గంటలు ఆగాలి. మేము అలా చేయి పెట్టింది ఒక్కదానికే. రాత్రి 2 గంటలకు మొదలుపెట్టి, మూడు విడతలుగా, తెల్లవారి నమాజు వినబడేవేళకు ముగించాము. బతికింది. కాలి వేలు ఒకటి కొంచెం వంకర.

18వ రోజుకు మిగిలిన 13లో 9 పిల్లలయ్యాయి. గాలి గది సరిగ్గా ఉన్న 4లో 3, పక్కకు జారిన వాటిలో 5, బుడగ తిరిగిన 4లో ఒకటి. పిల్ల కాని నాలుగింటిని విప్పి చూస్తే రెండింటిలో పిల్ల తల సన్నని కొనవైపు ఉంది, గాలి అందలేదు. ఈ నాలుగు రోజులూ మా అమ్మాయి అడిగిన ప్రశ్నలకు పాఠ్యపుస్తకాల్లో జవాబులు లేవు. తెలిసినంతవరకు చెప్పాము.

ఒక వింత చెప్పాలి. ప్రయాణానికి గుడ్డుకన్నా పిల్లే గట్టిది. కడుపులో దాచుకున్న పచ్చసొనతో రెండు మూడు రోజులు మేత, నీరు లేకున్నా బతుకుతుంది. అందుకే అమెరికాలో 1918 నుంచి ఒక రోజు పిల్లలను టపాలో పంపిస్తున్నారు. పిల్లలు దొరికేచోట గుడ్లకోసం పట్టుబట్టవద్దు. ఊరినుంచి తెచ్చుకుందామన్న ఊహ కూడా వద్దు. రాజేంద్రనగర్ పరిశోధనా సంస్థవారి వనరాజా, గ్రామప్రియ మంచివే, కాని దేశం దాటించాలంటే పశువైద్య ధ్రువపత్రం, దిగుమతి అనుమతి కావాలి. సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చేవి కావు. పిల్లలను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులాడకూడదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఆరోగ్యంగా కనబడే కోడిపిల్లమీద కూడా ఉండవచ్చు. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో దూరంనుంచి చూపించడమే మేలు.

ఫ్లాట్లలో కోళ్ళు పెంచడం కుదరని పని. పొదిగించే ముందే అవి ఎక్కడికి పోతాయో తేల్చుకోవాలి. మావి ఘయాతీ దగ్గర ఒక తోటకు వెళ్ళాయి. అక్కడ పనిచేసే జగిత్యాల వైపు తమ్ముడొకరు పెట్టె చూసి నవ్వాడు. "మీ డబ్బ రోజుకు నాలుగుసార్లు వంచుతదా సారూ? పెట్టయితే ఎన్నిసార్లు మర్లేస్తదో లెక్కుండది. ఆమె నిద్రల గూడ మర్లేస్తది" అన్నాడు. వంకర వేలు పిల్లను మాత్రం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ఇంటి దగ్గర వాళ్ళమ్మ కోళ్ళను చూసి నాలుగేళ్ళయిందట.

వేసవిలో ఈ పనికి పూనుకోకండి. వ్యానులోని వేడికి గుడ్డు దారిలోనే సగం పెరిగి చస్తుంది. నవంబరునుంచి మార్చి వరకే అదను. ఈసారి ఉగాది వేడుకకు అబూధాబీ నుంచి కారులో వచ్చే సభ్యులు ఎవరైనా రెండు డజన్ల గుడ్లను ఒళ్ళో పెట్టుకుని, స్పీడ్ బ్రేకర్ల దగ్గర మెల్లగా నడుపుతూ తెస్తామంటే ముందుగా కబురు చేయగోరతాము. పులిహోర, బొబ్బట్లు మా ఇంట్లో.