ఒక్క కుర్చీకి 12 వేల పౌండ్లు

"అక్కా, ఆ డబ్బుతో ఇంకో మంచి డిఫెండర్‌ని కొనుక్కోవచ్చు కదా?"

2021 సెప్టెంబరు చివర్లో హైదరాబాదు నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బు తన ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో ఒక వైపు స్టాండును పెంచడం మొదలుపెట్టింది. కోచ్ యూర్గెన్ క్లాప్ పార పట్టుకుని మట్టి తీస్తున్న ఫొటో వాడు చూశాడు. వాడికి ఆ జట్టంటే ప్రాణం. అర్ధరాత్రి దాటేదాకా మ్యాచ్ చూసి, పొద్దున్నే ఎర్రబడ్డ కళ్ళతో ఆఫీసుకు వెళ్తాడు. నేనేమో ఆ స్టేడియానికి పది నిమిషాల నడకలో కాపురముంటూ, ఆట కన్నా కట్టడాన్నే ఎక్కువగా చూసేదాన్ని. నా ఉద్యోగమే అది. ఏ భవనానికి ఎంత ఉక్కు పడుతుంది, ఎంత కాంక్రీటు పోయాలి, కూలి ఎంతవుతుంది అని లెక్క కడతాను. ఇక్కడ క్వాంటిటీ సర్వేయర్ అంటారు, మన రాజమండ్రిలో అయితే ఎస్టిమేట్లు వేసే అమ్మాయి అంటారు.

వాడు అడిగింది తీసిపారేసే ప్రశ్న కాదు. ఆ స్టాండు ఖర్చు సుమారు 8 కోట్ల పౌండ్లు. 2018 జనవరిలో సౌతాంప్టన్ నుంచి వర్జిల్ వాన్ డైక్‌ని తెచ్చుకోవడానికి క్లబ్బు పెట్టింది 7.5 కోట్ల పౌండ్లు. అంటే ఒక స్టాండు ఖరీదు, ఒక గొప్ప డిఫెండర్ ఖరీదు దాదాపు ఒకటే. వాన్ డైక్ వచ్చిన ఏడాదిన్నరకు యూరప్ కప్పు, ఆ మరుసటి ఏడాది ముప్పై ఏళ్ళుగా అందని లీగ్ టైటిలు వచ్చాయి. ఏ కుర్చీ తెస్తుంది అలాంటి ఫలితం?

అందుకే కుర్చీ లెక్క కుర్చీగానే కట్టి చూశాను. ఆన్‌ఫీల్డ్‌ను రెండు విడతల్లో పెంచారు. 2016లో మెయిన్ స్టాండ్‌కు సుమారు 8,500 సీట్లు కలిపారు, ఖర్చు 11 కోట్ల పౌండ్ల పైమాటే. తర్వాత ఆన్‌ఫీల్డ్ రోడ్డు స్టాండ్‌కు 7,000 సీట్లు, 8 కోట్లు. సగటున ఒక్క కుర్చీకి 12 వేల పౌండ్లు పడింది. మన డబ్బులో 12 లక్షలకు పైనే.

ఇప్పుడు ఆ కుర్చీ ఏం సంపాదిస్తుందో చూద్దాం. మామూలు టికెట్టు 50 పౌండ్లనుకుందాం. లీగ్ మ్యాచ్‌లు 19, కప్పు మ్యాచ్‌లు కలుపుకుంటే సొంత మైదానంలో ఏడాదికి పాతిక ఆటలు. 1,250 పౌండ్లు. అందులో ఆరో వంతు పన్నుగా పోతుంది. మిగిలేది వెయ్యి చిల్లర. వడ్డీ, ఊడ్చేవాళ్ళు, కాపలావాళ్ళు, కరెంటు లెక్కలోకి తీసుకోకపోయినా, కుర్చీ తన ఖరీదు తాను తీర్చుకోవడానికి పన్నెండేళ్ళు కావాలి. అదే భోజనంతో, బారుతో కలిపి అమ్మే హాస్పిటాలిటీ సీటు అయితే మ్యాచ్‌కు కొన్ని వందల పౌండ్లు. రెండు మూడేళ్ళలో గట్టెక్కుతుంది. కొత్త స్టాండుల్లో గాజు అద్దాల లాంజీలు ఎందుకు కనబడతాయో ఇక వేరే చెప్పనక్కర్లేదు. గుండె మామూలు సీట్లలో ఉంటుంది, అప్పు తీర్చేది లాంజీలు.

అయినా డిఫెండర్‌కీ స్టాండుకీ ఒక తేడా ఉంది. ఆటగాడి ధర కాంట్రాక్టుతో పాటే కరిగిపోతుంది, మోకాలు మెలిక పడితే అంతకు ముందే పోతుంది. స్టాండు యాభై ఏళ్ళు నిలబడుతుంది. పైగా అప్పట్లో ఇంగ్లండు ప్రీమియర్ లీగ్ నష్టాల మీద పెట్టిన పరిమితిలో స్టేడియం కట్టుబడి ఖర్చును కలిపేవారు కాదు. టీవీ డబ్బు పెద్దదే కానీ అందులో చాలా భాగం అన్ని క్లబ్బులకూ పంచే సొమ్ము. లీగ్ మ్యాచ్‌లకు గేటు దగ్గర వచ్చేది మాత్రం పూర్తిగా క్లబ్బు సొంతం. 2023-24లో లివర్‌పూల్‌కు మ్యాచ్ రోజుల ఆదాయం మొదటిసారి 10 కోట్ల పౌండ్లు దాటింది. అంతకు ముందు ఏడాది 8 కోట్లు. పెరిగిందంతా కొత్త సీట్ల వల్లే అనను, ఆ ఏడాది సొంత మైదానంలో ఆటలూ ఎక్కువే. కానీ ఖాళీ కుర్చీ కనబడని మైదానంలో కుర్చీలు కలిపితే ఏమవుతుందో ఆ అంకె చెబుతుంది.

ఖాళీ కుర్చీ అన్నమాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ దేశంలోనే డార్లింగ్టన్ అనే ఊళ్ళో చిన్న క్లబ్బు ఉండేది. 2003లో దాని యజమాని 25,000 సీట్ల స్టేడియం కట్టించాడు. వచ్చేది కొన్ని వేల మందే. ఆరు నెలలు తిరక్కుండానే క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయింది, 2012లో ఆ మైదానాన్నే వదిలి వెళ్ళిపోయింది. వరసలకు వరసలు ఖాళీగా ఉన్న కుర్చీల మధ్య ఆడడం ఎలా ఉంటుందో హైదరాబాదు వాడైన మా తమ్ముడికి తెలుసు. 1950ల్లో సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు రోవర్స్ కప్పును వరసగా ఐదేళ్ళు గెలిచిన ఊరు అది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. గచ్చిబౌలి స్టేడియంలో సీట్లకు కొదవ లేదు, మనుషులే కరువయ్యారు. ఆన్‌ఫీల్డ్‌లో తలకిందులు. సీజన్ టికెట్టు కోసం పేరు రాయించుకుని ఇరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నవాళ్ళు నా ఆఫీసులోనే ఇద్దరున్నారు.

మా ఎదురింటి పెద్దావిడకు ఎనభై దాటాయి. ఇక్కడివాళ్ళు ఎవరినైనా 'లవ్' అని పిలుస్తారు, మనం 'అమ్మా' అన్నట్టు. ఒకరోజు టీ తాగుతూ నా అంకెలు చెబితే, "మా నాన్న 1952లో ఇంతకన్నా ఎక్కువ మందిలో నిలబడ్డాడు లవ్" అంది. వెళ్ళి వెతికాను. నిజమే. 1952 ఫిబ్రవరిలో వుల్వ్స్‌తో ఎఫ్ఏ కప్పు మ్యాచ్‌కు వచ్చినవాళ్ళు 61,905 మంది. ఆన్‌ఫీల్డ్ చరిత్రలో అదే రికార్డు.

కారణం, అప్పట్లో ఎక్కువమంది నిలబడేవారు. గోలు వెనక ఉండే కాప్ అనే గట్టు ఒక్కదాని మీదే 25 వేలకు పైగా జనం. ఆ పేరు వెనక మనకూ ఒక చుట్టరికం ఉంది. 1900 జనవరిలో దక్షిణాఫ్రికాలోని స్పియన్ కాప్ కొండ మీద జరిగిన యుద్ధంలో లివర్‌పూల్ ప్రాంతపు సైనికులు చాలామంది పోయారు. వాళ్ళ జ్ఞాపకంగా 1906లో కట్టిన గట్టుకు ఆ పేరు పెట్టారు. అదే కొండ దగ్గర క్షతగాత్రులను మోసిన భారతీయ అంబులెన్స్ దళాన్ని నడిపినవాడు గాంధీ. ఆ దళంలో ఎక్కువమంది నాటాల్ తోటల్లో ఒప్పందం మీద పనిచేసే కూలీలు. ఆ తోటలకు మన తీరం నుంచి ఓడెక్కినవాళ్ళు తక్కువేం కాదు. కాప్ పక్కనుంచి నడిచే ప్రతిసారీ నాకు వాళ్ళు గుర్తొస్తారు.

1989 ఏప్రిల్లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో జనం ఒత్తిడికి నలిగి 97 మంది లివర్‌పూల్ అభిమానులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తర్వాత జస్టిస్ టేలర్ నివేదిక పెద్ద మైదానాలన్నిటా కుర్చీలే ఉండాలంది. 1994లో కాప్ మీద నిలబడడం ముగిసింది. అక్కడ పట్టే జనం సగానికి పడిపోయారు, మొత్తం మైదానం 45 వేలకు వచ్చింది. కాబట్టి విస్తరణ అంటే ఇక్కడ ఆర్భాటం కాదు. మనుషుల ప్రాణం కోసం వదులుకున్న చోటును, ఈసారి భద్రంగా తిరిగి తెచ్చుకోవడం. నా లెక్కల పుస్తకంలో ఈ పద్దు ఏ గడిలో రాయాలో నాకు తెలియదు, కానీ అన్నిటికన్నా పైన రాస్తాను.

కింద రాయాల్సినవీ ఉన్నాయి. మెయిన్ స్టాండ్ వెనక లోథెయిర్ రోడ్డు అని ఒక వీధి ఉండేది. పక్కనే స్టాన్లీ పార్కులో కొత్త స్టేడియం కడతారా, ఉన్నదాన్నే పెంచుతారా అని ఏళ్ళ తరబడి తేలలేదు. 2012లో గానీ ఉన్నచోటే పెంచాలని ఖాయం కాలేదు. అంతకాలం ఆ చుట్టుపక్కల ఇళ్ళు కొన్ని కొనేసి ఖాళీగా ఉంచారు. కిటికీలకు రేకులు కొట్టిన ఇంటి పక్కన ఎవరు కాపురముంటారు? వీధి మెల్లగా చచ్చిపోయింది, చివరికి ఇళ్ళు కూల్చారు. మా పెద్దావిడ అక్క ఆ వీధిలోని పుట్టిల్లు వదిలేసి వెళ్ళింది. పరిహారం ముట్టింది, కానీ పోయిన ఇరుగుపొరుగు తిరిగి రాలేదు. స్టాండుకు 140 మీటర్ల పొడవైన ఉక్కు దూలాన్ని ఎత్తి పెడుతుంటే ఒళ్ళు గగుర్పొడిచేలా చూసినదాన్ని నేను. ఆ దూలం నీడ ఎవరి పెరట్లో పడుతుందో చాలా రోజులకు గానీ తట్టలేదు.

ఇంకొకటి. మెయిన్ స్టాండ్ సిద్ధమవుతుండగా, అందులో అన్నిటికన్నా ఖరీదైన మామూలు టికెట్టు 77 పౌండ్లని ప్రకటించారు. 2016 ఫిబ్రవరి 6న సండర్లాండ్‌తో మ్యాచ్‌లో 77వ నిమిషానికి వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి 2-0తో ముందున్న జట్టు చివరికి 2-2తో సరిపెట్టుకుంది. కొద్ది రోజుల్లోనే యజమానులు క్షమాపణ చెప్పి ఆ ధర వెనక్కి తీసుకున్నారు. కుర్చీలు కలిపితే ధర తగ్గాలి గానీ పెరగడమేమిటని అడిగిన ఆ జనాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను. ఆ రోజు వాళ్ళు లేచి నడవకపోతే, ఈ విస్తరణ దండగ అనే రాసేదాన్ని.

రెండో విడత పనీ సాఫీగా సాగలేదు. 2023 వేసవి చివర్లో ప్రధాన కాంట్రాక్టరు దివాలా తీశాడు. సగం కట్టిన పై అంతస్తు అలాగే ఆగిపోయింది. చిన్న చిన్న సబ్ కాంట్రాక్టర్ల బిల్లులు ఏమవుతాయోనని మా వృత్తిలో అందరం బెంగపడ్డాం. డిసెంబరులో కొంత, ఫిబ్రవరికి దాదాపు పూర్తిగా తెరిచారు.

మా తమ్ముడు అప్పుడే వచ్చాడు. 2024 ఫిబ్రవరి 10, బర్న్‌లీతో మ్యాచ్. లాటరీలో తగిలిన రెండు టికెట్లు సరిగ్గా ఆ కొత్త పై అంతస్తులోనే. ఎదురుగా కాప్ ఎర్రగా ఊగుతోంది. మెట్లెక్కి తన సీటు చూసుకుని వాడు కూర్చోలేదు, చేత్తో ఆ ప్లాస్టిక్కును తడిమాడు. "డిఫెండర్ మాట వెనక్కి తీసుకుంటున్నా అక్కా" అన్నాడు. 3-1తో గెలిచాం. వాడి గొంతు పోయింది.

నా జవాబు కూడా అదే: ఇక్కడ ఈ ఖర్చు సబబే. బయట అంత జనం ఎదురుచూస్తున్నారు కాబట్టి, ఆ 77 పౌండ్ల ధర పెట్టనివ్వలేదు కాబట్టి. ఆ వీధి బాకీ మాత్రం ఇంకా తీరలేదు. ఇకముందు ఏ క్లబ్బు పెంచినా, కొత్త సీట్లలో కొన్నైనా చుట్టుపక్కల వీధుల పిల్లలకు రాసి ఇవ్వాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి పెద్దావిడ ఇంటికి తీసుకెళ్ళాను. రాని గొంతుతోనే వాడు ఉత్సాహంగా చెప్పాడు, "ఈ రోజు 59,896 మంది వచ్చారండీ, ఇక్కడ లీగ్ మ్యాచ్‌కు ఇంతమంది ఎప్పుడూ రాలేదట!" ఆవిడ కేక్ ముక్క వాడి పళ్ళెంలో పెడుతూ మనసులోనే లెక్క వేసుకుంది.

"ఇంకా మా నాన్న రోజు కన్నా రెండు వేలు తక్కువే లవ్."