సైనికుడి ఓటుకు తిరుగు దారి ఏది?

2016 నవంబర్ 19న పుదుచ్చేరి పట్టణంలోని నెల్లితోపు అసెంబ్లీ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. ఆ ఏడాది జూన్‌లో ముఖ్యమంత్రి పదవి చేపట్టిన వి.నారాయణసామి శాసనసభలో అడుగుపెట్టడం కోసం వచ్చిన ఎన్నిక అది. ఆయన 11 వేలకు పైగా ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. రాజకీయంగా ఆ ముచ్చట అంతటితో ముగిసింది. సైనికులకు మాత్రం నెల్లితోపు గుర్తుంచుకోదగిన పేరు. సర్వీస్ ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే విధానం (ఈటీపీబీఎస్) దేశంలో మొదట అమలైంది ఇక్కడే. ఇందుకోసం ఎన్నికల నిర్వహణ నియమాలను సవరించింది అదే ఏడాది అక్టోబర్ 21న. నెల తిరగకముందే అది ఆచరణలోకి వచ్చింది.

ఈ మార్పు ఎందుకు అవసరమైందో తెలియాలంటే ఎన్నికల క్యాలెండర్ చూడాలి. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిస్తే తప్ప బరిలో ఎవరున్నారో తేలదు. తేలితే తప్ప బ్యాలెట్ పత్రం అచ్చు కాదు. ఉపసంహరణకూ పోలింగ్‌కూ మధ్య చట్టం ప్రకారం ఉండాల్సిన కనీస వ్యవధి 14 రోజులు. ఆ కాస్త సమయంలోనే బ్యాలెట్ అచ్చయి, కవరులో చేరి, సరిహద్దు శిబిరానికి వెళ్లి, ఓటు పడి, తిరిగి రిటర్నింగ్ అధికారి బల్ల మీదకు రావాలి. మంచు కురిస్తే హెలికాప్టర్ రాదు, హెలికాప్టర్ రాకపోతే టపా రాదు. నేను ఎత్తైన పోస్టులో ఉన్న రోజుల్లో ఫలితాలు రేడియోలో విన్నాక బ్యాలెట్ కవర్లు చేరిన సందర్భం ఉంది. మా జవాన్లు నవ్వుకుంటూ వాటిని పక్కన పెట్టేశారు. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. తమ ఓటు లెక్కలోకి రాదన్న సంగతికి వాళ్లు అలవాటు పడిపోయారు. నాకు బాధ కలిగించింది అదే.

నెల్లితోపుతో మొదలైన పద్ధతిలో రిటర్నింగ్ అధికారి బ్యాలెట్‌ను కంప్యూటర్ ద్వారా పంపుతారు. ఓటీపీ, పిన్‌ల సాయంతో యూనిట్‌లో దాన్ని దించుకుని ముద్రిస్తారు. జవాను రహస్యంగా ఓటు వేసి, ధ్రువీకరణ పత్రం జతచేసి, కవర్లు అంటించి స్పీడ్ పోస్టులో వేస్తాడు. పోస్టు ఖర్చు అతనిది కాదు. కవర్ల మీద ఉన్న క్యూఆర్ కోడ్‌లను లెక్కింపు కేంద్రంలో స్కాన్ చేశాకే లోపలి బ్యాలెట్ బయటకు వస్తుంది. కాబట్టి ఒకే బ్యాలెట్‌ను రెండుసార్లు ముద్రించి పంపినా చెల్లదు. రోజుల తరబడి సాగే వెళ్లే ప్రయాణం ఈ విధంగా నిమిషాల్లోకి వచ్చింది. తిరుగు ప్రయాణం మాత్రం ఇప్పటికీ తపాలా సంచిలోనే సాగుతోంది. లెక్కింపు మొదలయ్యే ఉదయం 8 గంటలలోపు చేరని కవరును తెరవరు.

2019 లోక్‌సభ ఎన్నికల్లో 18 లక్షలకు పైగా సర్వీస్ ఓటర్లకు బ్యాలెట్లు పంపితే, తిరిగి వచ్చినవి సుమారు 10.84 లక్షలు. అంటే 60 శాతం. పాత రోజులతో పోలిస్తే ఇది గొప్ప ముందడుగే. అయినా 7 లక్షల పైచిలుకు బ్యాలెట్లు లెక్కింపు బల్ల దాకా రాలేదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్ల తేడాతో. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో సైన్యంతో సంబంధం లేని ఇల్లు అరుదు. అలాంటి ఊళ్లున్న నియోజకవర్గంలో పోటీ హోరాహోరీగా ఉంటే, తపాలా సంచి ఆలస్యమే ఫలితాన్ని తేల్చవచ్చు.

అమెరికా అనుభవం

ఈ చిక్కు అమెరికాకు బాగా తెలుసు. 2000 అధ్యక్ష ఎన్నికలో ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం 537 ఓట్లు. విదేశాల్లోని సైనికుల కవర్ల మీద పోస్టు ముద్ర లేకపోతే లెక్కించాలా వద్దా అన్నది అప్పుడు కోర్టుల దాకా వెళ్లిన వివాదం. 2009లో అక్కడ చేసిన చట్టం ప్రకారం, కోరిన సైనికుడికి పోలింగ్‌కు కనీసం 45 రోజుల ముందే బ్యాలెట్ పంపాలి. అది సమయానికి అందకపోతే అభ్యర్థి పేరు తానే రాసి పంపే అత్యవసర బ్యాలెట్ కూడా ఉంది. పార్టీల అభ్యర్థులు ప్రైమరీల ద్వారా ముందే ఖరారవుతారు కనుక వారికి ఇంత వ్యవధి సాధ్యం. మనం 45 రోజులు ఇవ్వాలంటే ప్రచారమూ ఎన్నికల కోడూ అన్ని రోజులు సాగాలి. ఆ భారం దేశం మోయలేదు. అయితే అమెరికా చట్టం వెనుక ఉన్న సూత్రం మనకూ పనికొస్తుంది. సైనికుడి ఓటుకు పట్టే సమయాన్ని ముందే లెక్కగట్టి ఏర్పాట్లు చేయడమే ఆ సూత్రం.

ఓటును కూడా కంప్యూటర్‌లోనే తిరిగి పంపవచ్చు కదా అని కొందరు అడుగుతుంటారు. దీనికి జవాబు పుదుచ్చేరిలోనే ఉంది. ఈ పట్టణంలో వేలమంది ఫ్రెంచి పౌరులున్నారు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకుంటున్న వారి కుటుంబాలూ వారిలో ఉన్నాయి. ఫ్రాన్స్ అధ్యక్ష ఎన్నిక వస్తే వీరు ఇక్కడే పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఓటేస్తారు. పార్లమెంటు ఎన్నికల్లో విదేశాల్లోని తన పౌరులకు 2012లో ఇంటర్నెట్ ఓటు ఇచ్చిన ఫ్రాన్స్, సైబర్ దాడుల భయంతో 2017లో దాన్ని ఆపేసింది. తిరిగి 2022లో ప్రవేశపెట్టింది. అంతకు ముందే, 2004లో, అమెరికా రక్షణ శాఖ తన సైనికుల కోసం తలపెట్టిన ఇంటర్నెట్ ఓటు ప్రయోగాన్ని భద్రతా కారణాలతోనే విరమించుకుంది. శత్రు దేశాల హ్యాకర్లు మొదట గురిపెట్టేది సైనిక వ్యవస్థల మీదే. పైగా ఎవరు ఎవరికి ఓటేశారన్న గుట్టు ఒక్కసారి బయటపడితే యూనిట్‌లో ఐకమత్యం దెబ్బతింటుంది. కాబట్టి కాగితం మీద ఓటే మనకు క్షేమం.

చేయదగినవి ఇవీ

మొదటిది, తిరుగు కవర్లకు ప్రత్యేక ఏర్పాటు. 56 ఏపీఓ, 99 ఏపీఓ చిరునామాలతో ఉత్తరాలు చేరవేసే ఆర్మీ పోస్టల్ సర్వీస్ మనకుంది. ఎన్నికల వేళ బ్యాలెట్ కవర్లను మామూలు టపాలో కలపకుండా వేరే సంచుల్లో పెట్టి, కిందికి దిగే మొదటి హెలికాప్టర్‌లోనే పంపాలి. రెండోది, ప్రతినిధి ఓటు మీద ప్రచారం. సాయుధ దళాల్లో ఉన్నవారు సొంత నియోజకవర్గంలోని ఒకరిని తమ తరఫున ఓటేయడానికి నియమించుకునే వీలు 2003 నుంచి ఉంది. ఆ వ్యక్తి పోలింగ్ కేంద్రంలో సైనికుడి ఓటు వేస్తే ఎడమచేతి మధ్యవేలికి సిరా గుర్తు పెడతారు. మారుమూల పోస్టులకు వెళ్లేవారికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. అయినా యూనిట్లలో దీని గురించి చెప్పేవారు తక్కువ. మూడోది, ఒకే విడతలో పోలింగ్ జరిగే ఎన్నికల్లో పోలింగ్‌కూ లెక్కింపుకూ మధ్య కనీసం వారం రోజులు ఉంచాలి. నెల్లితోపులో ఆ వ్యవధి మూడు రోజులే.

వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఎన్నికల సంఘం, సైనిక ప్రధాన కార్యాలయాలు కలిసి కూర్చుంటే వచ్చే ఎన్నికలకే అమలు చేయవచ్చు. సైనికుడు రాజకీయాల్లో తలదూర్చకూడదని నిబంధనలు కట్టడి చేస్తున్నాయి. అది సరైన కట్టడే. అతనికి మిగిలిన ఒకే ఒక్క రాజకీయ హక్కు ఓటు. దాన్ని సమయానికి లెక్కింపు బల్ల మీదకు చేర్చే పూచీ ప్రభుత్వానిదే.