రంగస్థలముపై పాలేరు

కోనసీమలో కొబ్బరితోటల నడుమ మామిడికుదురు అను గ్రామము కలదు. 1911వ సంవత్సరమున అచ్చటి పేద దళిత కుటుంబమున బోయి భీమన్న జన్మించెను. కవిగా ఆయన 1973లో పద్మశ్రీ పురస్కారమును, 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని పొందెను. అయినను పల్లెలలో ఆయన పేరు ముందుగా మారుమ్రోగినది ‘పాలేరు’ అను నాటకము వలన.

పాలేరనగా ఏడాది జీతమునకు రైతు ఇంట కుదిరిన పనివాడు. తెల్లవారకమునుపే లేచి, పశువులసాల ఊడ్చి, కుడితి పెట్టి, పొలమునకు పోవలెను. రాత్రి ఎడ్లకు మేత వేసిన పిదపగాని వానికి విశ్రాంతి లేదు. తండ్రి చేసిన అప్పునకు కొడుకు పాలేరగుటయు కలదు. ఇంతకును పని కంటె మాటయే బరువు. తల నెరసినవానికైనను ‘ఒరే’ అనియే పిలుపు. తప్పున్నను లేకున్నను తిట్లు. పైగా కులము పేరుతో ఎత్తిపొడుపులు. ఎదురాడినచో మరునాడు కూడు లేదు. కనుక ఆ నోరు పెగలదు.

భీమన్న ఆ మూగనోటికి వేదికపై మాట నిచ్చెను. పాలేరు కుర్రవాడు చదువుకొని అధికారి యగుట ఆ నాటకమందలి కథ. పొలముగట్టున పాలేరు తన బాధ చెప్పుకొన్నచో యజమాని వినడు. ఆ మాటయే పాత్రధారి నోట వెలువడినపుడు కదలక కూర్చుండి వినును. అది మరియెవరినో గూర్చినదని అనుకొనుటకు వీలున్నది గదా! నేలపై కూర్చున్న పాలేరు మాత్రము అది తన కథయే యని గుర్తించును. అందులకు వానికి అక్షరములు రానక్కరలేదు.

ఒక్కడు అధికారి యైనంతమాత్రమున తక్కిన పాలేర్ల బ్రదుకు మారునా యని అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే. దేశమంతటను వెట్టిచాకిరిని రద్దుచేయు చట్టము 1976లోగాని రాలేదు.

బ్రెజిల్ దేశీయుడైన ఆగస్టో బోవాల్ 1970 దశకమున వేరొక మార్గము త్రొక్కెను. అన్యాయము జరుగు ఘట్టమును నటులు ఒకమారు ఆడి చూపి, మరల మొదటినుండి ఆడుదురు. ఈసారి ప్రేక్షకులలో ఎవరైనను ‘ఆగుడు’ అని లేచి, పీడితుని స్థానమున నిలిచి, తాను చేయదలచినది చేసి చూపవచ్చును. పనిచేయుచోట పై అధికారి అవమానించినపుడు ఏమనవలెనో, ప్రక్కవారు ఎట్లు అడ్డుపడవలెనో పలుదేశములలో నేడు ఈ పద్ధతిని అభ్యసింపజేయుచున్నారు.

భీమన్న నాటకమున ప్రేక్షకుడు వేదిక నెక్కడు. అతని వంతు ఇంటికి పోయిన పిదప వచ్చును. ‘పాలేరు’ చూచినవారు పలువురు తమ బిడ్డల చేతి పలుపుత్రాడు మాన్పించి, పలక ఇచ్చి బడికి పంపిరని చెప్పుకొందురు.